ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమాన దూరం ఎంత? నెట్‌లో కనిపించే అంకె వేరు, విమానం ఎగిరే దూరం వేరు.. మీకు లెక్కకు వచ్చేది ఏది?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమాన దూరం ఎంత అని నెట్‌లో వెతికితే సుమారు 12,400 కిలోమీటర్లు అని వస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే సర్వీసును పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపినప్పుడు ఆ విమానం ఎగిరిన దూరం దాదాపు 15,300 కిలోమీటర్లు. రెండు అంకెల మధ్య తేడా 2,900 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లి తిరిగొచ్చినా అంత దూరం కాదు.

ఈ రెండు అంకెలూ తప్పు కాదు. ఒకటి భూమి మీద రెండు ఊళ్ల మధ్య ఉన్న అతి తక్కువ దూరం. రెండోది విమానం నిజంగా ఎగిరిన దూరం. వీటికి తోడు టికెట్ మీద కనిపించే ప్రయాణ సమయం మూడో లెక్క. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు, చదువుకోసం తొలిసారి విమానం ఎక్కే విద్యార్థులకు ఈ తేడా తెలియడం అవసరం. కనెక్షన్ ఫ్లైట్ అందుతుందా లేదా అన్నది ఒక లెక్క మీద ఆధారపడితే, విమానం ఆలస్యమైతే చేతికి ఎంత వస్తుందన్నది మరో లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

నెట్‌లో కనిపించే దూరం ఎలా లెక్కిస్తారు?

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి కూడా వంపుగానే ఉంటుంది. దీన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మహావృత్తం అని చదువుకున్నది దీన్నే. రెండు విమానాశ్రయాల అక్షాంశాలు, రేఖాంశాలు తెలిస్తే చాలు, ఈ దూరం ఎవరైనా లెక్కకట్టవచ్చు. గాలి ఎటు వీచినా, ఏ దేశం దారి మూసినా ఈ అంకె మారదు.

పటంలో చూస్తే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పుగా చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా వెళ్లాలని అనిపిస్తుంది. కానీ ఇంట్లో గ్లోబు ఉంటే ఢిల్లీ మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి చూడండి. దారం తూర్పుకు పోదు. దాదాపు నేరుగా ఉత్తరానికి వెళ్తుంది. టిబెట్, మంగోలియా పరిసరాలు, సైబీరియా దాటి, ఆర్కిటిక్ వలయంలోకి వెళ్లి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతం సాగిపోతుంది. అందుకే పటంలో దగ్గరగా కనిపించేది నిజానికి దూరం, దూరంగా కనిపించేది దగ్గర.

మరో చిన్న సంగతి. పైలట్లు దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నాటికల్ మైళ్లలో లెక్కిస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. రెండు వెబ్‌సైట్లలో రెండు రకాల ‘మైళ్లు’ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఆ దారంలా తిన్నగా ఎందుకు వెళ్లరు?

మొదటి అడ్డంకి హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. విమానం లోపల గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే, ప్రయాణికులు మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోగలిగే ఎత్తుకు, అంటే సుమారు 10,000 అడుగులకు (3 కిలోమీటర్లు) వెంటనే దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే దాదాపు 4,500 మీటర్లు. అక్కడ అంత కిందికి దిగడానికి చోటే ఉండదు. అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలూ తక్కువ. అందుకే ఎక్కువ విమానాలు ఈ ప్రాంతానికి పడమర నుంచో, తూర్పు నుంచో చుట్టూ తిరిగి వెళ్తాయి.

రెండోది, ఇంజిన్ ఒకటి ఆగిపోతే చేరుకోవాల్సిన విమానాశ్రయం. రెండు ఇంజిన్ల విమానాలు దారి పొడవునా నిర్ణీత సమయంలో దిగగలిగే విమానాశ్రయం ఒకటి అందుబాటులో ఉండేలా ప్రయాణించాలి. సముద్రాలు, ధ్రువ ప్రాంతాలు దాటేటప్పుడు దారి ఎంపికలో ఇది ముఖ్యం.

మూడోది అనుమతి. ప్రతి దేశానికీ తన భూభాగం పైనున్న గగనతలం మీద పూర్తి హక్కు ఉంటుంది. ఆ దేశం వద్దంటే విమానం చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

దూరం పెరిగినా ముందే చేరొచ్చా?

చేరొచ్చు. 2016లో ఎయిరిండియా చేసింది అదే. అట్లాంటిక్ మీదుగా వెళ్లే పాత దారి దాదాపు 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ దారి అంతకంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం సుమారు 14న్నర గంటల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది.

కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. వీటిని జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. విమానం సొంత వేగం గంటకు 880 కిలోమీటర్లు అనుకుందాం. పడమరగా వెళ్తూ 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అసలు వేగం 830కి తగ్గుతుంది. అప్పుడు 13,900 కిలోమీటర్లకు దాదాపు 16 గంటల 45 నిమిషాలు పడుతుంది. తూర్పుగా వెళ్తూ 100 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే వేగం 980 అవుతుంది. అప్పుడు 15,300 కిలోమీటర్లు కూడా 15 గంటల 40 నిమిషాల్లోపే పూర్తవుతాయి. ఏటిలో ప్రవాహం వెంట పడవ నడిపినట్టే ఇది. దారి పొడవైనా ఇంధనం, సమయం రెండూ కలిసొస్తాయి.

వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు ప్రయాణ సమయం ఒకేలా ఉండకపోవడానికి ప్రధాన కారణం కూడా ఈ గాలులే. భూమి తిరగడం వల్ల గమ్యం ‘ఎదురొస్తుంది’ అనేది అపోహ. భూమితో పాటు గాలి, ఆ గాలిలో ఎగిరే విమానం కూడా కలిసే తిరుగుతాయి.

గగనతలం మూసేస్తే ఏమవుతుంది?

2019 ఫిబ్రవరి 27న పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేసింది. జులై 16న మళ్లీ తెరిచింది. ఆ కాలంలో చుట్టూ తిరిగి వెళ్లడం వల్ల జులై 2 నాటికే ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని కేంద్రం రాజ్యసభకు తెలిపింది. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మరోసారి భారత విమానాలకు దారి మూసింది. ఆ తర్వాత గడువును పొడిగిస్తూ వచ్చింది. భారత్ కూడా ఏప్రిల్ 30న పాకిస్థాన్ విమానాలకు గగనతలం మూసింది.

దీని ప్రభావం అర్థం కావాలంటే తాష్కెంట్ ఉదాహరణ చూడండి. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 1,580 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి బెంగళూరుకు దాదాపు 1,700 కిలోమీటర్లు. అంటే అంకెల ప్రకారం తాష్కెంటే దగ్గర. కానీ పాకిస్థాన్ దారి మూసిన కొన్ని రోజులకే ఇండిగో తాష్కెంట్, అల్మాటీ సర్వీసులను ఆపేసింది. చుట్టూ తిరిగి వెళ్లేంత దూరం ఆ సంస్థ నడుపుతున్న చిన్న విమానాలకు అందదు.

పెద్ద విమానాలదీ ఇదే ఇబ్బంది. ఎయిరిండియా ఉత్తర అమెరికా సర్వీసుల్లో కొన్ని ఇంధనం కోసం వియన్నా వంటి చోట్ల ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిపివేశారు. విమానాల కొరతతో పాటు పాకిస్థాన్ గగనతలం మూసివేతనూ సంస్థ కారణంగా చెప్పింది.

రష్యా గగనతలం విషయంలో పరిస్థితి వేరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థల విమానాలకు రష్యా దారి మూసుకుపోయింది. భారత సంస్థలకు మాత్రం ఆ దారి తెరిచే ఉంది. అందుకే అదే రెండు నగరాల మధ్య ఎయిరిండియా నడిపే దారి వేరు, అమెరికా సంస్థ నడిపే దారి వేరు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2022లో తన శాన్‌ఫ్రాన్సిస్కో - ఢిల్లీ సర్వీసును నిలిపేసింది కూడా ఈ కారణంగానే.

దగ్గరి దారికీ దాని రిస్కు దానికి ఉంటుంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరిన ఎయిరిండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసనున్న మగదాన్‌లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. ఊళ్లో సరిపడా హోటళ్లు లేక చాలామందికి తాత్కాలిక బస ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మరో విమానాన్ని పంపాక 8వ తేదీన వారు గమ్యం చేరారు. సంస్థ టికెట్ డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది. బీపీ, షుగర్ మందులు చెక్-ఇన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోమని చెప్పేది ఇలాంటి సందర్భాల కోసమే.

హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి ఏ దారి దగ్గర?

హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 13,540 కిలోమీటర్లు. ఢిల్లీలో విమానం మారితే రెండు దూరాలూ కలిపి దాదాపు 13,650 కిలోమీటర్లు అవుతుంది. తేడా 100 కిలోమీటర్ల చిల్లరే. ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది మరి. దుబాయ్‌లో మారితే మొత్తం 15,500 కిలోమీటర్లు దాటుతుంది. అంటే దాదాపు 2,000 కిలోమీటర్లు ఎక్కువ.

కానీ దీన్ని బట్టి ఢిల్లీ మీదుగా వెళ్తేనే ముందు చేరతామని అనుకోలేం. ఢిల్లీలో ఎన్ని గంటలు ఆగాలి, అక్కడి నుంచి విమానం ఏ దారిలో వెళ్తుంది, మధ్యలో ఇంధనం కోసం ఆగుతుందా అన్నవి కలిపి చూడాలి. ప్రయాణికుడికి పనికొచ్చేది ఇంటి నుంచి గమ్యం దాకా పట్టే మొత్తం సమయమే. కిలోమీటర్లు కాదు.

విమానం ఆలస్యమైతే ఏ దూరాన్ని చూస్తారు?

నెట్‌లో కనిపించే గ్రేట్ సర్కిల్ అంకెకు అసలు విలువ ఇక్కడే. యూరోపియన్ యూనియన్‌లో 2004లో వచ్చిన 261వ నిబంధన ప్రకారం పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది.

- 1,500 కిలోమీటర్ల దాకా: 250 యూరోలు
- 1,500 నుంచి 3,500 కిలోమీటర్ల దాకా: 400 యూరోలు
- 3,500 కిలోమీటర్లు దాటితే: 600 యూరోలు (ఆలస్యం 3 నుంచి 4 గంటల మధ్య ఉంటే 300)

గమ్యానికి 3 గంటలు లేదా అంతకుమించి ఆలస్యంగా చేరితే ఇది వర్తిస్తుంది. యూరప్ నుంచి బయలుదేరే అన్ని సంస్థల విమానాలకూ, బయటి నుంచి యూరప్‌కు వచ్చే యూరప్ సంస్థల విమానాలకూ ఈ నిబంధన ఉంది. ఉదాహరణకు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు దూరం సుమారు 7,100 కిలోమీటర్లు. లుఫ్తాన్సాలో వెళ్తూ సంస్థ తప్పిదం వల్ల 4 గంటలకు మించి ఆలస్యమైతే 600 యూరోల శ్లాబులోకి వస్తారు.

యూరప్ నుంచి విడిపోయాక బ్రిటన్ ఇదే నిబంధనను తన చట్టంగా కొనసాగించింది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి అక్కడ 520 పౌండ్లు, ఆలస్యం 3 నుంచి 4 గంటల మధ్య ఉంటే 260 పౌండ్లు. హైదరాబాద్ - లండన్ దూరం దాదాపు 7,750 కిలోమీటర్లు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే రానూ పోనూ రెండు వైపులా వర్తిస్తుంది. భారత సంస్థ విమానమైతే లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడే వర్తిస్తుంది.

మరి మధ్యలో విమానం మారితే ఏ దూరం? దీనిపై యూరోపియన్ యూనియన్ కోర్టు 2017 సెప్టెంబరులో తేల్చి చెప్పింది. రోమ్ నుంచి బ్రస్సెల్స్ మీదుగా హాంబర్గ్ వెళ్లిన ప్రయాణికులు ఆలస్యంగా చేరారు. వారు తిరిగిన దారి 1,656 కిలోమీటర్లు. రోమ్ - హాంబర్గ్ తిన్నని దూరం 1,326 కిలోమీటర్లు. మొదటిది లెక్కిస్తే 400 యూరోలు, రెండోది లెక్కిస్తే 250. మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య గ్రేట్ సర్కిల్ దూరమే చెల్లుతుందని కోర్టు చెప్పింది. చుట్టూ తిరిగినంత మాత్రాన పరిహారం పెరగదన్నమాట.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. తుపాను, గగనతలం మూసివేత వంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే ఈ పరిహారం రాదు. అయితే భోజనం, అవసరమైతే హోటల్ బస ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం సంస్థదే.

మన దేశంలో లెక్క వేరు

భారత్‌లో డీజీసీఏ నిబంధనలు దూరాన్ని కాక సమయాన్ని చూస్తాయి. విమానం బయలుదేరే చోట కదిలినప్పటి నుంచి గమ్యంలో ఆగేదాకా పట్టే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. నిబంధనల ప్రకారం ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే టికెట్ వాపసు లేదా మరో విమానంతో పాటు ఈ పరిహారం ఇవ్వాలి.

- బ్లాక్ టైమ్ గంట దాకా: 5,000 రూపాయలు
- గంట నుంచి 2 గంటల దాకా: 7,500 రూపాయలు
- 2 గంటలు దాటితే: 10,000 రూపాయలు

ఈ మొత్తం లేదా ఒకవైపు బేసిక్ చార్జీ, ఇంధన చార్జీ కలిపినది.. ఏది తక్కువైతే అది ఇస్తారు. ఇక్కడా సంస్థ చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, 2 గంటలు దాటాక మరో శ్లాబు లేదు. హైదరాబాద్ - ఢిల్లీ విమానానికీ, ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికీ గరిష్ఠ పరిమితి ఒకటే. యూరప్ నిబంధనలో 1,260 కిలోమీటర్లకూ 12,400 కిలోమీటర్లకూ రెట్టింపుకు మించి తేడా ఉంటే, మన దగ్గర తేడాయే లేదు.

విమానం 6 గంటలకు మించి ఆలస్యమవుతుందని తెలిస్తే మరో విమానం లేదా పూర్తి డబ్బు వాపసు కోరవచ్చు. 24 గంటలకు మించితే, లేదా రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ బస కోరవచ్చు.

మన దగ్గర దూరాన్ని చూసిన సందర్భమూ ఉంది. 2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు పెద్దఎత్తున రద్దయి టికెట్ ధరలు చుక్కలనంటినప్పుడు కేంద్రం దేశీయ చార్జీలకు తాత్కాలికంగా పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల దాకా 7,500 రూపాయలు, 1,000 దాకా 12,000, 1,500 దాకా 15,000, అది దాటితే 18,000. పన్నులు, విమానాశ్రయ రుసుములు వీటికి అదనం.

దూరంతో, సమయంతో పనిలేని హక్కులు

అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్ 2009లో ఇందులో చేరింది. ఆలస్యం వల్ల నిజంగా జరిగిన నష్టాన్ని రసీదులతో చూపిస్తే, నిర్ణీత పరిమితి దాకా పరిహారం అడగవచ్చు. అందుకే అదనంగా పెట్టిన హోటల్, భోజనం, టాక్సీ ఖర్చుల రసీదులు పారేయొద్దు. దెబ్బతిన్న బ్యాగుపై 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చిన బ్యాగుపై 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

అమెరికాలో ఆలస్యానికి యూరప్ తరహా పరిహారం లేదు. అయితే 2024 అక్టోబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం అమెరికాకు వెళ్లే లేదా అక్కడి నుంచి వచ్చే అంతర్జాతీయ విమాన సమయం 6 గంటలు, అంతకుమించి మారితే, ప్రయాణం వద్దనుకున్నవారికి డబ్బు వాపసు ఇవ్వాలి.

టికెట్ కొనేముందు ఇవి చూసుకోండి

- డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటి కాదు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు, కానీ మధ్యలో ఆగవచ్చు.
- అన్ని ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండేలా చూడండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్ అయినప్పుడు గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. వేర్వేరుగా కొంటే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.
- పాత సమయాలను నమ్ముకోవద్దు. నిరుడు వెళ్లినవారికి 16 గంటలు పట్టిందంటే ఈసారీ అంతే పడుతుందని లేదు. దారి మారి ఉండవచ్చు. ప్రయాణానికి ముందు రోజు మరోసారి చూసుకోండి.
- వీల్‌చెయిర్ అవసరమైన పెద్దలకు కనెక్షన్ మధ్య ఎక్కువ వ్యవధి ఉంచండి. తొలిసారి వెళ్లేవారికి కూడా ఇది మంచిది.
- ఆలస్యానికి కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. పరిహారం వస్తుందా రాదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. బోర్డింగ్ పాస్ దాచుకోండి.
- ముందు విమాన సంస్థకు ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే కేంద్రం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో నమోదు చేయండి. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ లెక్క. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి టికెట్ మీది సమయం చూడండి. యూరప్, బ్రిటన్ నిబంధనల కింద పరిహారం అడిగేటప్పుడు గ్రేట్ సర్కిల్ దూరం చూడండి. డీజీసీఏ నిబంధన కిందైతే బ్లాక్ టైమ్ చూడండి. విమానం నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది సీటు ముందున్న తెరపై చూసుకోవడానికే తప్ప, ఈ పరిహారం లెక్కల్లో దేనికీ పనికిరాదు.